గోడలో గొట్టం, గోడ మీద నామం

తిరపతిలో ఏకాంబరం చేత పైపుల పని చేయించుకున్నవాళ్ళకు అతన్ని వెక్కిరించడానికి ఒక మాట ఉండేది. సంచి దించీ దించకముందే అతను, "ఇంట్లో మడి ఉండాదామ్మా? మడినీళ్ళు యాడ పట్టుకుంటారు?" అని అడిగేవాడు. "పైపు బాగుచెయ్యను వచ్చినావా, పిల్లనడగను వచ్చినావా అబ్బా?" అని నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదికి ముందు అతనికి ఆ అలవాటు లేదు.

ఏటికీ గొట్టానికీ ఒకటే జబ్బు. స్వర్ణముఖి ఇసుక మేటలేసి సన్నబడినట్టే, ఇనుప గొట్టం తుప్పు పేరుకుని మూసుకుపోతుంది. ఏటికి మందు లేదు. గొట్టానికి మాత్రం ఏకాంబరం దగ్గర ఉండేది. గోడ పగలగొట్టకుండా, తాడుకు కట్టిన తీగ బ్రష్షుతో లోపలి తుప్పు గీకి, సిమెంటు పాలు పోసి, గుడ్డ ఉండను ఈ కొస నుంచి ఆ కొసకు లాగేవాడు. లోపలంతా పూత పట్టేది. అది ఆరితే ముసలి గొట్టానికి మళ్ళీ ఆయుష్షు.

ఆ ఏట అతన్ని పనికి పిలిచిన పెరుందేవమ్మది కోవెల కైంకర్యంలో, స్వామి సేవలో ఉన్న వైష్ణవుల ఇల్లు. వంటింటి కొళాయి చుక్కలుగా కారుతోంది. గొట్టమున్న గోడ మీదే తిరుమణి అనే తెల్లసుద్దతో రాసిన తిరునామం. పెరటాసి నెల శనివారం స్వామికి వేసే తళిగ నైవేద్యానికి ముందు పాత నామం కడిగి కొత్తది రాయడం వాడుక. ఆ ఇంట్లో కొన్నేళ్ళుగా కడగలేదు. అది రాసిన కూతురు అమృతవల్లి, రాసిన ఏడే విషజ్వరంతో పోయింది. నామంలో ఎడమ గీత కాస్త వంకర.

"గోడ పగలగొట్టకుండా చేస్తావా ఏకాంబరం?"

"నామం మీద దుమ్ము కూడా పడదమ్మా."

"విబూతి పూసుకునేవాడివి, నామానికి పూచీ పడతావా!" అని ఆమె చాలాకాలానికి నవ్వింది.

గురువారం పూత పూసి, ఆదివారం దాకా కొళాయి తిప్పొద్దన్నాడు. మధ్యలో తళిగ ఉందని గుర్తొచ్చి, వీధి కొళాయి నుంచి తనే మోసి ఇంట్లో నీళ్ళ అండాలన్నీ నింపాడు. ఆమె అండాల వైపు చూసింది, అతని వైపు చూసింది. "సరే అబ్బా" అంది.

శనివారం మధ్యాహ్నం చూసిపోదామని వస్తే, వంటింటి గోడ తడిబట్టలా ఉంది. ఆరని సిమెంటు కొట్టుకుపోయి వంపులో అడ్డం పడింది. అంతదాకా చిల్లును మూసి ఉంచిన తుప్పును గురువారం అతనే గీకేశాడు. నీళ్ళు గోడలోకి చిమ్మి, నామంతో సహా గార పెచ్చు ఊడిపడింది. పెరుందేవమ్మ మడిచీరతో నేల మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది.

"తిప్పినారా అమ్మా?"

"ఒక్క బిందె. ఒక్క బిందెకు ఏమైతాదిలే అనుకున్నా."

"అన్ని నీళ్ళు పోసి పెట్టినానే!"

ఆమె ఇంకో ముక్క ఏరి చేటలో పెట్టింది. "ఇంకొకరు ముట్టిన నీళ్ళతో తళిగ వెయ్యకూడదబ్బా. అంత దూరం మోసుకొచ్చినావు. నీతో ఎట్ల చెప్పేది?"

ఏకాంబరం గొంతుక్కూర్చుని ఒక ముక్క తీయబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తియ్యి. దీనికేం మడి లేదు" అందామె. "ఏటా కడిగి కొత్తది రాయాల. నేనే కడగనీలేదు."

ఇద్దరూ చేటలో ముక్కలు పేర్చారు. ఎడమ గీత వంకర ఉన్న ముక్క మాత్రం దొరకలేదు. ఏకాంబరం నీళ్ళు పోయిన తూములో చెయ్యి పెట్టి వెతికాడు. వేళ్ళకు తెల్లటి బురద అంటింది. అది ఆ పిల్ల రాసిన తిరుమణో, తను పోసిన సిమెంటు పాలో అతనికి తెలియలేదు.