మేడ మీద ఎవరూ లేరు

ఏటా దీపావళికి ముందు ఏదో ఒక రోజు, తమిళనాడు గుడియాత్తంలో నా అంగడి మేడ మీద కాపురముండేవాళ్లు కనబడకుండా పోవాలి. ఆ ఏర్పాటు నాదే. మామూలు రోజుల్లో నేను ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు అమ్ముతాను. పండగకు మాత్రం పటాసులు అమ్మడానికి తాత్కాలిక లైసెన్సు తీసుకుంటాను. పటాసులు పెట్టే చోటికి పైన మనుషులు కాపురం ఉండకూడదని నిబంధన. ఫైర్ ఆఫీసరు వచ్చి చూసి సరేనంటేనే వేలూరు ఆఫీసులో సంతకం పడుతుంది. అందుకని ఆయన వచ్చే రోజు మేడ మీద బాడుగకుండే అమ్మాయి తీగ మీది బట్టలు తీసేస్తుంది, వాకిట్లో ముగ్గు వేయదు, తలుపుకు తాళం పెట్టి పిల్లలతో వేలూరు కోట చూడటానికి పోతుంది. బస్సు చార్జీ నాది.

ఈ నిబంధనల మీద నాకు ఒళ్లు మండేది. ఆ కాగితం తెమ్మని ఒకరు, అది చాలదని మరొకరు. పండగ ముంచుకొచ్చేదాకా తిప్పుతారు. టీ అంగడి దగ్గర నిలబడి ప్రభుత్వాన్ని తిట్టని రోజు లేదు. నాకు అన్యాయం జరుగుతోందని నిజంగానే నమ్మాను.

పోయిన ఏడాది ఆ అమ్మాయి పోనన్నది.

"అమ్మను ఆస్పత్రి నుంచి తోలుకొచ్చినాం గదన్నా. తుంటి ఆపరేషను. మెట్లు దిగలేదు."

"ఒక్క పూటే కదమ్మా. ఆటో పిలిపిస్తా."

"ఆటో మేడ మీదికి వస్తాదా? నువ్వు ఎత్తుకోని దింపు. మళ్లా ఎక్కించేది గూడా నువ్వే."

"పోనీ, తలుపేసుకోని చప్పుడు చేయకుండా ఉండు."

"బాడుగ ఇచ్చి దొంగమాదిరి ఉండాల్నా?" అని నవ్వింది. అయినా తలుపేసుకుంది.

ఆఫీసరు వచ్చాడు. ఇసుక బకెట్లు చూశాడు, మంటలార్పే సిలిండరు చూశాడు, కరెంటు వైర్లు చూశాడు. "మేల యారు?" అని తమిళంలో అడిగాడు. పైన ఎవరూ లేరన్నాను. సరిగ్గా అప్పుడే పైనుంచి దగ్గు వినిపించింది. దగ్గు ఆగాక, "పాపా, రవ్వన్ని నీళ్లియ్యి" అని పెద్దావిడ గొంతు. ఆఫీసరు పైకప్పు వైపు చూశాడు. నేను ఇసుక బకెట్టు వైపు చూశాను.

"పక్కింటివాళ్లా?" అని జవాబు ఆయనే అందించాడు.

"అవును సార్."

మేడ మెట్లు అంగడిని ఆనుకునే ఉన్నాయి. వాటి ముందు నుంచే నడిచి జీపెక్కాడు.

లైసెన్సు వచ్చింది. వేలూరు నుంచి సరుకూ వచ్చింది. మా బజారులో పటాసుల అంగడి తెరిచే రోజు ఒక పద్ధతి ఉంది. లైసెన్సుకు ఫ్రేము కట్టించి, దేవుడి పటాల వరుసలో తగిలించి, గంధం, కుంకుమ పెట్టి కర్పూర హారతి ఇస్తాం. అది చేయకపోతే బోణీ కాదని అందరి నమ్మకం. లోపల నిప్పు వెలిగించరాదని ఆ కాగితం మీదే అచ్చయి ఉంటుంది. ఆ కాగితానికే, చుట్టూ పెట్టెలు పేర్చుకుని, నేను హారతి పట్టాను. తప్పనిపించలేదు. నిప్పు వేరు, హారతి వేరు అన్నట్టే ఉండేవాళ్లం అందరం.

"పైన పెద్దామెకు గూడా చూపించి రా" అంది నా భార్య. పళ్లెంలో హారతి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, పెట్టెల మధ్య నుంచి నడిచి, మెట్లెక్కాను.

ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండు చేతులూ చాచి హారతి కళ్లకద్దుకుంది.

"కింద ఏమంగడి నాయనా?"

పటాసులని చెప్పడానికి నోరు రాలేదు. "మందు సామానమ్మా" అన్నాను. మా దగ్గర పాతకాలంవాళ్లు పటాసులను అట్లాగే అంటారు, కాబట్టి అబద్ధం కాదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆవిడ ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి.

"మందులంగడా? ఎంత మంచిమాట చెప్పినావు. మా ఊరు పరదరామిలో మాత్ర కావాలంటే బస్సు కోసరం కూర్చోవాల. ఈడ కిందనే ఉండాది. గ్యాసు మాత్ర ఒకటి పంపించు నాయనా, కడుపు ఉబ్బరంగా ఉండాది."

కూతురు గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

మెడికల్ షాపుకు పోయి మాత్ర కొని పంపాను. తర్వాత అంగట్లో కూర్చుంటే కోపం పట్టలేకపోయాను. ఆ నిబంధన రాసినవాడెవడో ఢిల్లీలో కూర్చుని, ఈ ముసలామెను చూడకుండానే ఆమె గురించి ఆలోచించాడు. ఆమె దగ్గు చెవులారా విన్న ఆఫీసరు ఆలోచించలేదు. ఆమె కూతురి దగ్గర నెలనెలా బాడుగ తీసుకునే నేనూ ఆలోచించలేదు. ఇన్నేళ్లుగా ఆ పిల్లల్ని కోటకు పంపి, వాళ్లు తిరిగొచ్చి ఆ పెట్టెల మీద పడుకుంటుంటే, పైగా నాకే అన్యాయం జరుగుతోందని ఊరంతా చెప్పుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని.

మర్నాడే సరుకు వెనక్కి పంపేశాను. ఆ లైసెన్సు ఆ అంగడికే కాబట్టి వేరేచోట అమ్మడానికి లేదు. కాగితం తిరిగి ఇచ్చేద్దామని వేలూరు పోయాను. అక్కడి ఆఫీసులో గుమాస్తా మన తెలుగాయనే.

"దీనికోసరం కాళ్లరిగేలా తిరిగేవాళ్లను చూసినా గాని, తిరిగిచ్చేవాణ్ణి చూళ్లేదు. ఏమైందప్పా?"

"మేడ మీద మనుషులుండారు."

"ఎప్పుడొచ్చినారు?"

"ఎప్పుడూ ఉండినారు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "అట్ల రాస్తే చూసిపోయినాయన గతేమి? అబద్ధం చెప్పిన నీ గతేమి? ఒంట్లో బాగలేదు, యాపారం చెయ్యలేనని రాసియ్యి. నీకూ మంచిది, అందరికీ మంచిది."

రాసిచ్చాను. ఆరోగ్యం సరిగా లేనందువల్ల అని, తమిళంలో, గుండ్రటి అక్షరాలతో. ఆయన చదివి, బాగుందన్నాడు.

ఆ పండగకు మా వీధిలో తక్కిన పటాసుల అంగళ్లన్నిట్లో అమ్మకాలు జోరుగా సాగాయి. వాటి పైనా కాపురాలున్నాయి, నాకు తెలుసు. నేను నిజం రాసి ఉంటే ఎవరో ఒకరు వచ్చి ఆ మెట్లన్నీ ఎక్కి చూడాల్సి వచ్చేది. ఆ గుమాస్తా మీద ఇప్పటికీ కోపంగానే ఉంది. కానీ ఆయన నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.