విజయ్ పాల్ గారి ఇంట్లో కొత్త గొంతు

కొవ్వూరులో నా కంప్యూటర్ల రిపేరు షాపుకి ఎదురుగా విజయ్ పాల్ గారి ఎస్టీడీ బూతు ఉండేది. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. వికలాంగుల కోటాలో వచ్చిన ఆ బూతుతోనే సంసారం లాక్కొచ్చారు. సెల్‌ఫోన్లు వచ్చి బూతులో ఫోను మూగబోయాక, అక్కడే రీఛార్జి కార్డులు అమ్ముకుంటూ కూర్చునేవారు. ఎవరైనా అయ్యో పాపం అంటే మాత్రం ఆయనకు ఒళ్ళు మండేది. జాలి మాటలు నాకూ గిట్టవు. అందుకే మా ఇద్దరికీ పడింది.

బూతు వెనక గదిలోనే కాపురం. పొద్దుగూకితే షట్టరు సగం దించేసేవారు. భార్య బేబి గారు బైబిలు వాక్యం చదవాలి, ఆయన వినాలి. లూథరన్ గుడికి వెళ్ళే ఆ ఇంట్లో పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే అలవాటు. రోజుకో అధ్యాయం, మొదట్నుంచి చివరిదాకా. అయిపోతే మళ్ళీ మొదట్నుంచి. రెండువేల ఎనిమిది నాటికి బేబి గారి కళ్ళకు శుక్లాలు ముదిరాయి. అక్షరాలు అలుక్కుపోతుంటే పుస్తకం ముక్కుకి ఆనించుకుని చదివేవారు.

అప్పుడే పాస్టరు గారు ఓ మాట అన్నారు. ఆ నెలాఖరు ఆదివారం బలిపీఠం పక్కన నిలబడి వాక్యపఠనం విజయ్ పాల్ గారే చెయ్యాలని, చూసి చదవక్కర్లేదు, కంఠతా చెబితే చాలని. ఇన్నేళ్ళూ వెనక బెంచీలో కూర్చున్న మనిషి గొంతు తొలిసారి గుడంతా వింటుంది. ఆ సంబరంతో ఆయనకు రెండ్రోజులు అన్నం సహించలేదు. కానీ కంఠతా పట్టాలంటే పదేపదే చదివి వినిపించేదెవరు? బేబి గారికి ఒకసారి చదివేసరికే కళ్ళు నీరు కారుతున్నాయి.

"దొరబాబు గారండీ, చదివి వినిపించే మిషన్లు వచ్చాయంట కదండీ. నాకోటి చేసిపెట్టండి," అన్నారు విజయ్ పాల్ గారు నాతో.

కొనేవాటి ధర మా ఇద్దరికీ అందేది కాదు. షాపులో ఉన్న పాత కంప్యూటరు వాళ్ళ గదిలో పెట్టి, ఊరికే దొరికే లినక్సు సాఫ్ట్‌వేరు వేసి, తెరమీది అక్షరాలు చదివే తెలుగు గొంతు దానికి తగిలించాను. చిక్కంతా నెట్‌లో బైబిలు పేజీలు తెరిచే బ్రౌజరు దగ్గర వచ్చింది. పాతది పేజీ మధ్యలో మూగనోము పట్టేది. రాబోయే కొత్తది ఈ గొంతుతో బాగా కలుస్తుందని విని, దాని బీటా దించాను. బీటా అంటే పచ్చి ఇటుక. కాల్చకముందే గోడ కట్టి చూసి చెప్పమంటారు. అది కూలడం, నేను తిట్టుకోవడం. బేబి గారు గుమ్మంలో నిలబడి, "ఎందుకండీ ఇంత శ్రమ? నేను చదవట్లేదేంటి?" అనేవారు. తన పని పోతుందని ఆవిడ బెంగ అనుకున్నాను.

చివరికి ఓ సాయంత్రం గొంతు ఆగకుండా సాగింది. ఆదివారం పాఠం ఆయన మళ్ళీమళ్ళీ విన్నారు. మొహం వెలిగిపోయింది. "ఇవాళ మన అధ్యాయం కూడా దీంతోనే విందాం బేబీ. నీ కళ్ళకి సెలవు," అంటూ కీబోర్డు తడుముకుని తనే పేజీ తెరిచారు. నిన్న ఆపిన చోటికి తర్వాతిది. పాత ధర్మశాస్త్రంలో యాజకుల నియమాలు, అంటే బలిపీఠం దగ్గర సేవచేసే పూజారులవి.

బేబి గారు వంటింట్లోంచి పరుగున వచ్చి, తిన్నగా గోడమీది మెయిన్ స్విచ్చి కట్టేశారు. లైటు పోయింది, ఫ్యాను ఆగింది. "అయ్యో, కరెంటు పోయిందండీ! ఇంక రేపు చూసుకోండి," అన్నారు.

మా ఊళ్ళో కరెంటు పోవడం వింతేమీ కాదు. ఆవిడ మర్చిపోయిందల్లా బల్లకింద నేను పెట్టిన యూపీఎస్‌ని, కరెంటు పోయినా కంప్యూటరుని కాసేపు నడిపే పెట్టెని. అది కుయ్యికుయ్యిమంటూనే ఉంది, గొంతు చదువుతూనే ఉంది. అంగలోపం ఉన్నవాడు బలిపీఠం దగ్గరకు రాకూడదంది. ఎవరెవరు రాకూడదో వరసగా చెప్పుకుపోయింది. అందులో మొదటివాడు గుడ్డివాడు.

ఆయన తడుముకుని గొంతు ఆపారు. "ఇది నేనెప్పుడూ విన్లేదే! ఇన్నిసార్లు పూర్తిచేశాం కదా?"

"నా కళ్ళకి ఆ మాట ఎప్పుడూ కనపళ్ళేదండి," అన్నారు బేబి గారు.

శుక్లాలు వచ్చింది నిన్నగాక మొన్న. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

ఆయన నావైపు తిరిగారు. "పాస్టరు గారికి చెప్పండి. పఠనం ఇంకెవరిచేతైనా చేయించుకోమనండి."

పాస్టరు గారు వచ్చి, అది పాత కట్టుబాటని, ప్రభువు రాకతో పోయిందని ఎంతో చెప్పారు. ఆయన తల ఊపారు కానీ వస్తానని మాత్రం అనలేదు. నేను ఒళ్ళుమండి, బీటాని తీసిపారేస్తానన్నాను. "దాని తప్పేముందండీ, ఉన్నది చదివింది," అన్నారు.

ఆదివారం నేనూ గుడికి వెళ్ళి వెనక కూర్చున్నాను. పఠనం వేళకి పాస్టరు గారు ఆయన పేరే పిలిచారు. ఎప్పటిలా వెనక బెంచీలో కూర్చున్న ఆయన కదల్లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి బేబి గారు లేచారు. మధ్య దారి దాటి మగవాళ్ళ వైపు వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. "లెగండి. మెట్టుంది, చూసుకోండి," అన్నారు, అంతే. బలిపీఠం దాకా తీసుకెళ్ళి, వెనక్కి రాకుండా పక్కనే నిలబడ్డారు. ఆయన గొంతు సవరించుకున్నారు. తర్వాత పాఠం మొత్తం చెప్పారు, ఒక్క మాటా వదలకుండా. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సాయంత్రం వెళ్తే షట్టరు సగం దించి ఉంది. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. "మళ్ళీ కూలిందా అండీ?" అన్నాను.

"లేదండి, బాగానే ఉంది. మధ్యాహ్నం వార్తలన్నీ చదివింది." ఆయన భార్య వైపు తిరిగారు. "ఆ రోజు మన అధ్యాయం సగంలో ఆగిపోయింది కదే. మొదట్నుంచి చదువు. నీకు కనపడినంతే చదువు."

బేబి గారు పుస్తకం ముక్కుకి ఆనించుకున్నారు.