పిరికి మావ

బొగ్గుగనిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే ఆయన్ని అందరూ పిరికి మావ అనేవారు. పైన చిటుక్కుమంటే చాలు, పరుగు లంకించుకునేవాడు. క్యాంటీన్‌లో ఎవరైనా గిన్నె దబ్బున పడేసి "మావా, కూలింది" అంటే ఆయన కూడా నవ్వేవాడు. ఇంట్లో మాత్రం మంచాన్ని గోడ వారకు జరుపుకునేవాడు. "ఇది ఇల్లయ్యా, గని కాదు" అని భార్య అంటే, "నాకు తెలుసే, గుండెకే తెలియట్లేదు" అనేవాడు.

ఆ రోజు పొద్దుటి షిఫ్టులో కర్రలు కిర్రుమన్నాయి. పైనుంచి రజను రాలింది. "పదండ్రా, పదండి" అని అరుస్తూ మావే ముందు పరిగెత్తాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, అందరూ ఆయన వెంట పరిగెత్తారు. మలుపు దాటాక కూడా లోపల డ్రిల్లు మోత ఆగలేదు. ఆ హోరులో డ్రిల్లరుకు కేక వినపడలేదు.

మావ ఆగిపోయాడు. "అమ్మో, అమ్మో" అని గొణుక్కుంటూనే వెనక్కి వెళ్లాడు. డ్రిల్లరు భుజం పట్టి లాగి ముందుకు తోశాడు. డ్రిల్లరు మలుపు చేరేసరికి వెనకాల కప్పు కూలింది. మావ తలదీపం ఆ దుమ్ములో కలిసిపోయింది.

సాయంత్రానికి శవాన్ని బయటికి తీశారు. డ్రిల్లరు మళ్లీ గనిలోకి దిగలేదు. పరామర్శకు వెళ్లినా, కప్పు కింద అడుగు పెట్టలేక వాకిట్లోనే నిలబడిపోయాడు. మావ భార్యే బయటికి వచ్చింది.

"చివర్లో ఏమన్నా అన్నాడా తమ్ముడూ?"

"నాకు భయమేస్తోందిరా, నువ్వు తొందరగా పో అన్నాడక్కా."

ఆమె గడప మీద కూలబడింది.