అత్తగారింటి ఒక్క కుర్చీ

ఆరో తరగతి మీద నాకు ఎంత ప్రేమంటే, ఏళ్ల తరబడి దాన్ని వదల్లేదు. చివరికి పంతులే మమ్మల్ని విడదీశారు. అందుకే నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషూ మా తోడల్లుడి పుణ్యం. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తా. నేను అదే ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరుకు తోలేవాణ్ణి.

మా అత్తగారింట్లో ఉన్నది ఒకటే కుర్చీ. ఆయన వస్తే దాన్ని తుడిచి వేసేవారు. నాకు గొంగడి పరిచేవారు. ఒక దసరానాడు ఆయన కాలు మీద కాలేసుకుని మాటకోసారి "స్టేటస్" అంటుంటే కడుపు మండి అడిగాను.

"స్టేటస్ అంటే ఏందన్నా?"

"నలుగుర్ల మనకుండే ఇజ్జత్, తమ్మీ."

కాసేపటికి ఆయన చేతులు కడుక్కోవడానికి లేచాడు. కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా ఎవరూ దాని దరిదాపులకు పోలేదు. మనిషి లేచి వెళ్లినా కుర్చీ ఆయనదేనన్నమాట, అదీ ఆ మాటకు అసలు అర్థం అనుకున్నాను. ఓర్వలేక వెళ్లి అందులో కూర్చున్నాను. వెనక్కి ఆనుకునేలోపే వాకిట్లోంచి మామ కేకేశాడు.

"అల్లుడా, గా పొడిసే ఎద్దుకు జెర నీళ్లు వెట్టు!"

నేను తిరిగొచ్చేసరికి తోడల్లుడు మళ్లీ కుర్చీలో ఉన్నాడు. ఇంటికి పోయే దారిలో నా భార్యతో, "మీ బాపుకు నేను అల్లున్నా, జీతగాన్నా?" అన్నాను.

ఆమె పకపకా నవ్వింది. "కుర్చీల ఎవ్వలన్న కూసుంటరు. గా ఎద్దు నిన్నూ బాపునూ తప్ప ఎవ్వల్ని దగ్గరికి రానియ్యదు. మీ అన్నను దాని కాడికి తోల్కపో, గాయన స్టేటస్ దానికెంత సమజైతదో సూద్దాం!"