జువాలజీ ఎందుకు పెట్టానంటే

నీట్‌లో మొదటిసారి నాకు సీటు రాలేదు. మళ్లీ రాస్తానని పట్టుబట్టాను. ఈలోగా ఖాళీగా కూర్చోకుండా డిగ్రీలో చేరమన్నారు ఇంట్లోవాళ్లు. ఏ గ్రూపు తీసుకుంటే డాక్టరు చదువుకు పనికొస్తుందో మా ఊరు వీపనగండ్లలో చెప్పేవాళ్లు లేరు. డిగ్రీ దరఖాస్తు పెట్టడానికి నాన్నతో కలిసి వనపర్తిలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లాను.

"జువాలజీ ఉన్న గ్రూపా, మైక్రోబయాలజీనా? జల్ది చెప్పమ్మా, ఎనక లైనున్నది" అన్నాడు సెంటరాయన.

"ఏది పెడితే డాక్టరైతది సార్?" అని నాన్న అడిగాడు.

"ఏది పెట్టినా గాదు పెద్దాయనా. దానికి నీట్‌ల సీటు రావాలె. గిది ఉత్త డిగ్రీనే."

ఉత్త డిగ్రీకి ఇన్ని గ్రూపులెందుకో నాకు అర్థం కాలేదు. స్క్రీన్ మీద జువాలజీ అన్న మాట చూడగానే ఇంటర్‌లో మా జువాలజీ సారు గుర్తొచ్చాడు. నా రికార్డులో గీసిన బొమ్మను పైకెత్తి క్లాసందరికీ చూపించి, "గిది గుండెనా, వంకాయనా? నువ్వు డాక్టరైతవా?" అన్నాడు. అందరూ నవ్వారు. ముందు బెంచీలో ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

"జువాలజీనే పెట్టండి" అన్నాను.

తిరుగు బస్సులో నాన్న మెల్లగా అడిగాడు: "మంచిదే పెట్టినవా బిడ్డా?"

"మంచిదే" అన్నాను. డాక్టరు కావడానికి పెట్టానో, ఆ సారు మీద కోపంతో పెట్టానో నాకే తెలియలేదు.

ఇప్పుడు రెండో ఏడు చదువుతున్నాను. నీట్ మళ్లీ రాశాను, సీటు మళ్లీ రాలేదు. ఇంకోసారి రాస్తాను. రికార్డులో గుండె బొమ్మను మాత్రం మూడుసార్లు చెరిపి గీశాను.