మసేనమ్మ చేతులు

నీళ్ళతోనే బతికే మనిషికి చేతులు తడపొద్దని ఎలా చెప్పాలి? నాకు ఇప్పటికీ తెలియదు. తొంభై ఎనిమిదిలో మా పెందుర్తి కాలనీకి హార్బరు నుంచి రొయ్యలు తెచ్చే మసేనమ్మ, నీళ్ళ గిన్నెలో చేతులు ముంచి, కబుర్లాడుతూనే రొయ్యలు ఒలిచి ఇచ్చేది. కొన్నాళ్ళకి ఆమె గోళ్ళ మొదళ్ళు ఉబ్బాయి, గోళ్ళు పచ్చబారాయి. గోరుచుట్టేనని వేళ్ళకి నిమ్మకాయలు తొడుక్కుంది. తగ్గలేదు. డాక్టరు చూసి, ఇది తడికి పెరిగే బూజు లాంటిదని చెప్పి, మందు రాసి, కొన్ని నెలలు చేతులు పొడిగా ఉంచుకోమన్నాడట. "బూజట్టడానికి నాను పాడుబడ్డ కొంపనేటమ్మా?" అని నవ్వింది. "సెయ్యి తడవకపోతే నోరెలా తడుత్తాది?"

ఆ మాట మా గోడ అవతలికి వినిపించింది. మర్నాడు పక్కింటి ఈశ్వరి గిన్నె వెనక్కి లాక్కుంది. "ఒలవకు మసేనమ్మా, అలాగే ఇచ్చెయ్. పిల్లలు తినేవి."

"అంటుకోదంట తల్లీ, డాక్టరే సెప్పినాడు."

"ఏమో, చూస్తేనే ఒళ్ళు జలదరిస్తోంది."

ఆ వారంలో ఒక్కొక్క ఇల్లూ బేరం మానేసింది. ఆదివారం మసేనమ్మ మా గుమ్మంలో కూర్చుని నీళ్ళ గిన్నె ఇమ్మంది. అందించబోతున్న నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అది ఆమె చూసింది. తట్ట నెత్తికెత్తుకుని, వెళ్ళొస్తానని అనకుండానే మెట్లు దిగిపోయింది.