అక్కయ్య రాసిన ఒక మంచిమాట

వికలాంగుల పింఛను తీసుకునేవాళ్లకు ఉద్యోగాలు వెతికిపెట్టడం ఆమె పని. ఆ ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆమె అక్కయ్యే. పదకొండేళ్లుగా చెప్పులరిగేలా తిరిగి నూటపాతికమందిని పనుల్లో కుదిర్చింది. ఒక్కటే బలహీనత. సిఫార్సు ఉత్తరంలో ఓ మంచిమాట ఎక్కువ రాయకుండా ఉండలేదు. ఆ విషయంలో పెళ్లిళ్ల పేరయ్యలు కూడా ఆమె దగ్గర పాఠాలు చెప్పించుకోవాలి.

నడుం దెబ్బతిన్న ఫిట్టరు కోసమూ అలాగే రాసింది: "ఎనిమిది గంటలు నిలబడి పనిచేయగలడు." అతను పావుగంట నిలబడితే గొప్ప. కూర్చోబెట్టే పని చేయించుకుంటాను, కాగితం మీద మాత్రం అలా ఉండాలి అన్నాడు డబ్బాల ఫ్యాక్టరీ యజమాని. పని దొరికింది, పింఛను ఆగింది. నెల తిరక్కముందే కొత్త సూపర్‌వైజరు వచ్చి స్టూలు తీయించేశాడు. ఆరోవారం ఫిట్టరు మెషీను పక్కనే కుప్పకూలాడు.

పింఛను మళ్లీ రావాలంటే మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. ఇంట్లో భార్య, మంచంపట్టిన అత్తగారు. ఆ పింఛను తప్ప వాళ్లకు వేరే దిక్కు లేదు. అక్కయ్య తోడు వెళ్లింది.

డాక్టరు ఫైల్లోంచి ఆమె ఉత్తరం తీశాడు. "ఇది మీరు రాసిందేనా?"

"నేనే సార్. కాస్త ఎక్కువ రాశాను. ఆయన నిలబడలేరు."

"అంటే అబద్ధం రాశారన్నమాట. ఇలాంటివి ఇంకెన్ని రాశారమ్మా? మీరు పెట్టించినవాళ్లందరి ఫైళ్లూ తిరగదోడమంటారా? అప్పుడు మీ ఉద్యోగం ఉంటుందా?"

అక్కయ్యకు ఆ నూటపాతికమందీ కళ్లముందు కదిలారు. దాపరికం ఎందుకు, వాళ్లకంటే ముందు తన జీతమే గుర్తొచ్చింది.

ఫిట్టరు ఆమె ముఖం చూశాడు. తనకోసం మూడు నెలలు గడపగడపా ఎక్కిన మనిషి. ఆమెను పట్టుకుని అంతమాట అంటుంటే అతను ఓర్చుకోలేకపోయాడు.

"అక్కయ్య అబద్ధం రాయలేదు సార్. నిలబడతాను, చూడండి."

చేతికర్ర గోడకు ఆనించి లేచాడు. పళ్లు బిగించాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసింది. డాక్టరు కాసేపు చూసి, కలం తీసి "నిలబడగలడు, పింఛను అవసరం లేదు" అని రాయసాగాడు.

ఆయన్ని కూర్చోబెట్టండి, నా ఉత్తరం అబద్ధమే అని గట్టిగా అనడానికి అక్కయ్య నోరు తెరిచింది. అంతలో తన గండం గట్టెక్కిందన్న ఊరట ముంచుకొచ్చింది. తెరిచిన నోరు మూసుకుంది. సిగ్గు కూడా వచ్చింది, కాకపోతే డాక్టరు సంతకం పెట్టేశాక వచ్చింది.